పశువుల ఎద – 21 దినముల లెక్క

ఉద్దానపు రైతునకు కొబ్బరియు జీడిమామిడియు ఎట్టి యాధారములో, పెరటిలోని పాడిపశువును అట్టి యాధారమే. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస, పూండి ప్రాంతముల తోటలను కూల్చినది. కూలిన కొబ్బరికి మాఱుగా నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును; చూలుకట్టిన ఆవు సుమారు 280 దినములలో ఈని పాలిచ్చును. అయితే ఎద కనిపెట్టక విడిచిన యెడల, ఆ పశువు మఱి 21 దినములు ఊరక మేత మేయును. రెండు మాఱులు తప్పినచో 42 దినములు గడచినవన్నమాట. కావున ఎద యెట్లు కలుగునో తెలిసికొనుట ప్రతి రైతునకును లాభకరము.

శరీరమందలి కొన్ని గ్రంథులు మిక్కిలి స్వల్పమైన పరిమాణమున రసములను తయారుచేసి నెత్తురులోనికి విడుచును. అవి దూతలవలె పోయి, దూరముననున్న అవయవములచేత పని చేయించును. వీనికి 1905లో స్టార్లింగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హార్మోనులని పేరిడెను.

మెదడు క్రిందనుండు పిట్యూటరీ గ్రంథి పంపు హార్మోనులవలన అండాశయముపై నీటిబుడగ వంటిది పెరుగును. అండము దానిలోనుండును. ఆ బుడగనుండి పుట్టు ఈస్ట్రోజను అను హార్మోనే పశువును ఎదకు తెచ్చును. పిమ్మట బుడగ పగిలి అండము వెలువడును. పగిలినచోట పసుపుగడ్డ యొకటి యేర్పడి, ప్రొజెస్టిరోను అను మఱియొక హార్మోనును పుట్టించును. ఇది గర్భమును నిలుపునది. ఇది యున్నంతకాలము పశువు మరల ఎదకు రాదు. సుమారు 16, 17 దినములు గడచునప్పటికి గర్భాశయములో పిండమున్నచో పసుపుగడ్డ నిలుచును. పిండము లేనిచో గర్భాశయము ప్రోస్టాగ్లాండిను అను హార్మోనును పంపి ఆ గడ్డను కరగించును. వెంటనే క్రొత్త బుడగ పెరిగి, మొదటి ఎదనుండి 18 మొదలు 24 దినములలోపల, సామాన్యముగా 21వ దినమున, పశువు మరల ఎదకు వచ్చును.

ఎదనున్న ఆవు అఱచును, మేత తగ్గించును, పాలు తగ్గించును, మాటిమాటికి మూత్రము విడుచును. యోనినుండి గాజువలె తేటయైన తీగ వ్రేలాడును. తోడి పశువులు తనపై నెక్కినను కదలక నిలుచుటయే నిశ్చయమైన గుర్తు. తోటలో చెట్టునకు ఒంటరిగా కట్టిన పశువునందు ఈ గుర్తు కానరాదు. కావున ఉదయమును సాయంకాలమును కొంతసేపు విప్పి, తక్కిన పశువులతో కలిపి చూడవలెను. గేదెల ఎద మిక్కిలి మూగది. తఱచుగా రాత్రివేళ, తెల్లవారుజామున కనబడును. వేసవిలో మఱియు అణగియుండును.

ఎద సుమారు 12 మొదలు 18 గంటలుండును. అది చల్లారిన పది, పన్నెండు గంటలకు గాని అండము వెలువడదు. అందుచేత ఉదయము ఎద కనబడిన పశువునకు ఆ సాయంకాలమును, సాయంకాలము కనబడిన దానికి మఱునాటి యుదయమును కృత్రిమ గర్భోత్పత్తి చేయించుట మేలు. ఎద గడచిన ఒకటి రెండు దినములకు కొన్ని పశువులకు నెత్తుటిచారలు కనబడును. ఇది చూలు నిలిచినదనుటకు గాని నిలువలేదనుటకు గాని గుర్తు కాదు. ఎద గడచినదని మాత్రమే తెలుపును. అప్పటినుండి 18, 19 దినములు లెక్కించి కనిపెట్టియుండవలెను.

పశువు ఎదకు రాలేదని తొందరపడి సూదిమందు వేయించుట ప్రమాదకరము. ఎదకు తెచ్చుటకు వాడు ప్రోస్టాగ్లాండిను మందు పసుపుగడ్డను కరగించునది గదా! చూడిపశువునకు దీనిని వేసినచో గర్భము జాఱిపోవును. కావున పశువైద్యునిచేత చూలు పరీక్ష చేయింపక ఇట్టి మందు వేయింపరాదు. ఒడలు చిక్కిన పశువునందు పిట్యూటరీ తన పని చాలినంతగా చేయజాలదు. అట్టిదానికి ముందుగా వలసినవి పచ్చిమేత, తవుడు, ఖనిజలవణములు, నులిపురుగుల మందు.

కావున సభ్యులందఱును పశువుల కొట్టమునందొక పుస్తకముంచవలెను. ఈనిన తేదీ, ఎద తేదీ, గర్భోత్పత్తి చేయించిన తేదీ, ఈ మూడును వ్రాసిన చాలును. ఈనిన మూడు నెలలలోపల ఎద కనబడకున్నను, మూడు మాఱులు చేయించినను చూలు నిలువకున్నను, ఆ పుస్తకముతో పశువైద్యశాలకు పోవలెను. తేదీలు చూచినగాని వైద్యునకు దోషమెక్కడనున్నదో తెలియదు. పుస్తకమునకు అగు వ్యయము స్వల్పము. తప్పిన ఒక్క ఎదకు అగు మేత వ్యయమెంతయో ఎవరికి వారే లెక్కించుకొనవచ్చును.