సీసాపై కానరాని గర్భిణి

మద్యనిషేధంపై పార్లమెంటులో చర్చ వస్తే రాజ్యాంగంలోని 47వ అధికరణం ప్రస్తావనకు రావడం పరిపాటి. గర్భిణి ఊసు మాత్రం అరుదు. అమెరికా కాంగ్రెసు 1988లో చేసిన చట్టం, గర్భవతులు తాగరాదన్న హెచ్చరికను సీసాలపై తప్పనిసరి చేసింది. మన దేశంలో 2019లో అమలుకు వచ్చిన హెచ్చరిక ఆరోగ్యహానితోనూ, తాగి వాహనం నడపరాదన్న హితవుతోనూ సరిపెట్టుకున్నది.

గర్భం సంగతి తెలియకముందు ఏ విందులోనో మద్యం పుచ్చుకున్న స్త్రీ, తెలిసిన పిమ్మట లోలోపల కుమిలిపోతుంది. నిందకు వెరచి వైద్యురాలి వద్ద సైతం నోరు విప్పదు. మద్యం మాయ ద్వారా శిశువును చేరుతుందన్నది నిజం. గర్భకాలంలో ఇంత తాగితే క్షేమమన్న కొలత లేదు. అయితే, తెలియక తాగినంత మాత్రాన బిడ్డకు హాని జరిగితీరుతుందనీ లేదు. తెలిసిన నాడే మానివేసి, దాచకుండా వైద్యులకు చెప్పడం మేలు. ఈ ముక్క ప్రతి ప్రసూతి కేంద్రంలోనూ చెప్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.