బడికి పెద్దదిక్కు ఉంటే బిడ్డ చదువు ఆగదు

'పాప బడికి పోతుందా?'

'లేదు, మాన్పించినం. ఎనిమిది అయిపోయింది. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. ఆడపిల్ల, ఒక్కతే ఎట్ల పోతది?'

శుక్రవారం పూట గల్ఫ్ క్యాంపుల్లో ఇలాంటి ఫోన్ మాటలు మనకు కొత్త కాదు. బిడ్డ చదువు కోసమే ఎడారికి వచ్చిన తండ్రి, ఆ చదువు ఆగిపోయిన సంగతి నెల తర్వాత వింటాడు. అప్పుడు భార్యను కోపగించుకుంటాడు, లేదా తన రాతను తిట్టుకుంటాడు. కానీ ఆ అమ్మాయి మూడు రోజులు వరుసగా రాకపోతే ఇంటికి కబురు పంపాల్సిన మనిషి ఒకరు బడిలో ఉన్నారు. ఆయనే హెడ్మాస్టరు. ఊళ్లో పెద్దసారు, పెద్దమేడమ్ అని పిలుచుకునేది వారినే.

హెడ్మాస్టరు అంటే సంతకాలు పెట్టే అధికారి అనుకుంటాం. నిజానికి ఏ టీచరు ఏ తరగతి చెప్పాలి, ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి పుస్తకం చదవగలుగుతున్నాడా లేదా, వెనకబడిన పిల్లలకు విడిగా ఎప్పుడు చెప్పాలి, ఇవన్నీ ఆ కుర్చీలో కూర్చున్నవారే చూసుకోవాలి. మరుగుదొడ్డికి నీళ్లున్నాయా, తాళం వేసి పెట్టారా అన్నదీ వారి బాధ్యతే. అది సరిగా లేకపోతే పెద్దమనిషైన ఆడపిల్ల నెలకు కొన్ని రోజులు ఇంట్లోనే ఉంటుంది. పోయిన పాఠాలు పోయినట్టే. చీపురు ఆడపిల్లల చేతికి, సైన్సు ప్రయోగం మగపిల్లల చేతికి ఇచ్చే అలవాటు ఉంటే దాన్ని ఆపగలిగేదీ పెద్దసారే.

మన రాష్ట్రాల్లో ప్రాథమిక బడి హెడ్మాస్టరు పోస్టును ఎల్ఎఫ్ఎల్ అంటారు. అంటే 'లో ఫిమేల్ లిటరసీ', ఆడవాళ్లలో అక్షరాస్యత తక్కువ అని అర్థం. పోస్టు పేరులోనే పని ఉందన్నమాట. 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లలో సుమారు 75 శాతం, ఆడవాళ్లలో 59 శాతం మందికే చదువు వచ్చు. ఆ తేడా పూడ్చడానికి బడిలో పెద్దదిక్కు కావాలి.

అయితే తప్పంతా వారిమీద వేయడం కూడా న్యాయం కాదు. చాలా చిన్న బడుల్లో హెడ్మాస్టరే పాఠం చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోన్లో వివరాలు ఎక్కించాలి. బాగా పాఠం చెప్పినంత మాత్రాన బడిని నడపడం రాదు. దానికి వేరే శిక్షణ ఉండాలి. అందుకే 2012లో ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళికా సంస్థలో బడి నాయకత్వం కోసం ప్రత్యేక కేంద్రం పెట్టారు. టీచర్లలో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నా, పెద్ద కుర్చీలో మాత్రం తక్కువగానే ఉంటున్నారని 2025లో యునెస్కో నివేదిక చెప్పింది. పెద్దమేడమ్‌ను రోజూ చూసే ఆడపిల్లకు 'నేనూ కావచ్చు' అన్న ఆశ పుడుతుంది కదా!

దూరం నుంచి ఏం చేయగలం?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. అంటే మీ ఇంటావిడకు అక్కడ కూర్చునే హక్కుంది. 'నీకెందుకు' అనకుండా 'పోయి అడుగు' అనండి.

ఇంకో సంగతి. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. తొమ్మిదో తరగతి దగ్గర ఆడపిల్లలు జారిపోవడానికి అదీ ఒక సందు. బడి దూరమైతే, హాస్టల్‌తో కలిపి ఉచితంగా చదువు చెప్పే కస్తూర్బా బాలికా విద్యాలయాలు 2004లో మొదలైన పథకం కింద నడుస్తున్నాయి. అక్కడ సీటు సంగతి పెద్దసారునే అడగవచ్చు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి మాట వస్తే 1098కి ఇంట్లో ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

మీకు శుక్రవారం సెలవైతే, ఊళ్లో ఆ రోజు బడి ఉంటుంది. సౌదీ, కువైట్, ఖతార్‌లకు మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయి, మస్కట్‌లకు గంటన్నర వెనక. భోజనాల వేళ చూసి పెద్దసారుకు ఒక ఫోన్ చేయండి. మార్కులు ఎన్ని అని కాదు, 'మా పాప ఈ నెల ఎన్ని రోజులు వచ్చింది? చదవడం ఎట్ల ఉంది?' అని అడగండి. దేశం కాని దేశం నుంచి తండ్రి అడుగుతున్నాడంటే ఆ పేరు రిజిస్టర్లో మరోసారి చూస్తారు.

చివరగా మనల్ని మనమే అడగాల్సిన మాట. కొడుకును ఫీజు కట్టి కాన్వెంటుకు పంపి, కూతుర్ని 'ఆడపిల్లకు ఇది చాలు' అని సర్కారు బడిలో వేసిన ఇళ్లు మనలో లేవా? సర్కారు బడి తక్కువది కాదు. 'ఇది చాలు' అన్న మాటే తక్కువది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఎవరని పదిమందిని అడుగుతాం. మరి బిడ్డ బడికి పెద్ద ఎవరో, వారి పేరేమిటో మనలో ఎంతమందికి తెలుసు? వచ్చే ఫోన్లో ముందు అదే అడగండి.