ఇనుము-ప్లాటినముల మరుగుజ్జు అయస్కాంతములు

అయస్కాంతపు కడ్డీని రెండుగా ఖండించినను ప్రతి ముక్కకును ఉత్తర దక్షిణ ధ్రువములు రెండును ఉండునని విద్యార్థులందఱును చదివియున్నారు. అట్లే ఖండించుకొనుచు పోయినచో అయస్కాంత మెంతవఱకు అయస్కాంతముగా నిలుచును? ఈ ప్రశ్న వట్టి వినోదము కాదు. కంప్యూటరుల అయస్కాంత డిస్కులందు మనుష్యుల లెక్కలును, లేఖలును, గ్రంథములును మిక్కిలి చిన్న కణముల ధ్రువదిశల రూపముననే వ్రాయబడుచున్నవి. కణము తన దిశను మఱచినచో వ్రాత చెడును.

మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన అందొక భాగము నానోమీటరు. గ్రీకుభాషలో 'నానోస్' అనగా మరుగుజ్జు. కణము దిశను నిలుపుకొను శక్తి, లోహస్వభావముపైనను కణముయొక్క ఘనపరిమాణముపైనను ఆధారపడును. వ్యాసము సగమైనచో ఘనపరిమాణము ఎనిమిదవ వంతగును. ఆ శక్తియు అంతే తగ్గును. ఉష్ణము పరమాణువులను సదా కదలించుచునే యుండును గదా! కణము మితిమీఱి చిన్నదైనచో ఆ కదలికయే ధ్రువములను తారుమారు చేయును. ఈ స్థితికి సూపర్ పారామాగ్నెటిజమని పేరు. కావున చిన్న కణమునకు స్వభావముచేతనే మొండిదైన లోహము కావలెను.

ఇనుమును ప్లాటినమును సమపాళ్లలో కలిపిన మిశ్రలోహము అట్టిది. ఇనుము సులభముగా దిశ మార్చుకొనును. ప్లాటినము తనంతట అయస్కాంతమే కాదు. అయినను, ఒక వరుస ఇనుము, ఒక వరుస ప్లాటినముగా పరమాణువులు పేర్చబడినచో, ఆ మిశ్రలోహము కోబాల్టుకంటె పదిరెట్లకు మించిన పట్టుతో దిశను నిలుపును. బరువైన ప్లాటినములో ఎలక్ట్రానుల భ్రమణము వాని కక్ష్యతో గట్టిగా ముడివడియుండుటయే దీనికి ముఖ్య కారణము.

2000వ సంవత్సరమున అమెరికాలో ఐ. బి. యం. సంస్థకు చెందిన షౌహెంగ్ సన్ మున్నగువారు ఇట్టి కణములను ద్రవములో చేయు విధానమును ప్రకటించిరి. గాలి సోకని పాత్రలో, సుమారు 297 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మఱుగు ద్రవమునందు, ప్లాటినము లవణమును క్షయకరణము చేసి లోహముగా మార్చుదురు. ఆ వేడికే ఐరన్ పెంటాకార్బొనిల్ విడిపోయి ఇనుము నిచ్చును. రెండును కూడి కణములగును. ఒలీవ నూనెయందు విశేషముగా నుండు ఓలియిక్ ఆమ్లము ప్రతి కణమును కప్పి, ఒకదాని నొకటి అంటుకొనకుండ కాపాడును. ఇట్లు 3 మొదలు 10 నానోమీటరుల వఱకు, ఇంచుమించు సమానమైన కణములు లభించును. 4 నానోమీటరుల కణమున రెండువేల పైచిలుకు పరమాణువులు మాత్రమే యుండును. ఐరన్ పెంటాకార్బొనిల్ మహావిషము గనుక బాలురు దీని నెన్నడును ముట్టరాదు.

అయితే ఇట్లు పుట్టిన కణములో పరమాణువులు క్రమము లేక కలగలిసి యుండును. అందుచే అది దిశను నిలుపజాలదు. సుమారు 550 డిగ్రీలకు మించి వేడిచేసినప్పుడే పరమాణువులు వరుసలు తీరును. కాని ఆ వేడికి కప్పు చెడి, కణములు ఒకదానితో నొకటి కరగి కలిసిపోవును. దీనికొక చక్కని ఉపాయము కలదు: కణములను మెత్తని ఉప్పుపొడిలో కలిపి కాల్చుదురు. ఉప్పు వానిని వేఱువేఱుగా నుంచును. పిమ్మట నీటితో కడిగిన కరగిపోవును.

ఇంత మొండి కణములపై వ్రాయుటయు కష్టమే. లేసరు కాంతితో క్షణమాత్రము వేడిచేసి వ్రాయు డిస్కులు నేడు కలవు. వానియందు ఈ మిశ్రలోహమునే వాడుదురు గాని, దానిని ద్రవములో గాక శూన్యపాత్రలో పలుచని పొరగా పఱచుదురు.

అవే పరమాణువులు, అదే పాళము. క్రమము లేనప్పుడు మఱపు, క్రమము కలిగినప్పుడు జ్ఞాపకము. సృష్టికర్త అణువునందుంచిన ఈ నియమమును మన విద్యార్థులు తమ చదువునకును అన్వయించుకొందురు గాక!