చుట్టుదారియే దగ్గరదారి

ఢిల్లీ నుండి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఎంత దూరము? విమానములో ఎన్ని గంటల ప్రయాణము? దూరమును వేగముతో భాగించినచో కాలము వచ్చునని విద్యార్థులు వెంటనే చెప్పుదురు. కాని ఆకాశయానములో ఈ లెక్క అంత సులభము కాదు.

ముందుగా దూరము సంగతి చూతము. గోడమీది ప్రపంచపటములో రెండు నగరములను స్కేలుతో కలిపినచో ఆ గీత మనలను మోసగించును. భూమి గుండ్రనిది, పటము చదునైనది. తరగతిలోని గ్లోబుపై ఆ రెండు నగరములను దారముతో బిగించి కలిపి చూడుడు. దారము సైబీరియా మీదుగా పోయి, ఉత్తర ధ్రువసముద్రమును దాటి అమెరికాకు దిగును. దీనికి మహావృత్త మార్గమని పేరు. పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. ఇంతకన్న దగ్గరదారి లేదు.

కాని విమానములు ఎల్లప్పుడును ఈ గీత వెంబడి పోవు. ఎయిరిండియా సంస్థ 2015 డిసెంబరులో ఈ నగరముల మధ్య ఎక్కడను ఆగని విమానమును ప్రారంభించినది. మొదట అది పడమరగా, అట్లాంటిక్ మీదుగా పోయెడిది: సుమారు 13,900 కిలోమీటర్లు, పదహారున్నర గంటలు. 2016 అక్టోబరులో తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడిపిరి: సుమారు 15,300 కిలోమీటర్లు, పదునాలుగున్నర గంటలు. దూరము 1,400 కిలోమీటర్లు పెరిగినది. కాలము రెండు గంటలు తగ్గినది!

భాగించి చూచినచో సగటు వేగము మొదటి దారిలో గంటకు 842 కిలోమీటర్లు, రెండవదానిలో 1,055 కిలోమీటర్లు. గాలిలో విమానపు వేగము రెండుసార్లును ఇంచుమించు 900 కిలోమీటర్లే. మరి ఈ తేడా ఎక్కడిది?

భూమి తిరుగుచున్నది గనుక క్రింది నేల జరిగిపోవునని కొందరనుకొందురు. అది పొరపాటు. భూమి తిరుగునది తూర్పునకు. అట్లయిన తూర్పుననున్న గమ్యము దూరముగా జరిగి, ప్రయాణము ఆలస్యము కావలెను. జరిగినది అందుకు విరుద్ధము. వాతావరణము కూడ భూమితోపాటే తిరుగుచున్నది.

అసలు కారణము గాలి. ఉష్ణమండలమునకు, ధ్రువములకు మధ్యగల వేడిమి తేడావలన పుట్టిన గాలులను భూభ్రమణము తూర్పునకు మళ్ళించును. 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున ఇవి ఇరుకైన ఏరువలె ప్రవహించును. వీనినే జెట్ ప్రవాహములందురు. శీతకాలములో వీని వేగము గంటకు 200 కిలోమీటర్లు దాటుట కలదు. గోదావరిలో వాలునకు పోవు పడవకును, ఎదురెక్కు పడవకును ఎంత తేడాయో ఇక్కడను అంతే.

ఇక గడియారము సంగతి. వేసవి కాలమానము నడచు నెలలలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటె పన్నెండున్నర గంటలు వెనుకనుండును. ఢిల్లీలో ఆదివారము ఉదయము 4 గంటలకు బయలుదేరి పదునాలుగున్నర గంటలు ప్రయాణించినవాడు అక్కడ ఆదివారము ఉదయము 6 గంటలకే దిగును! టిక్కెట్టుమీది వేళలను మాత్రము తీసివేసి చూచినవానికి ప్రయాణము రెండు గంటలే.

పసిఫిక్ మీదుగనే తిరిగివచ్చినచో ఎన్ని గంటలు పట్టునో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును.