క్యాడ్ జాబితాలో మొదటి ముఖమేది?

కరీము, బషీరు అనే రెండు పేర్లను తెలుగు అక్షరక్రమంలో వ్రాస్తే కరీము ముందు వస్తాడు. ఉర్దూ క్రమంలో వ్రాస్తే బషీరు ముందు వస్తాడు. ఏలనన ఉర్దూ వర్ణమాలలో 'బే' రెండవ అక్షరం, 'కాఫ్' ఎంతో వెనుకది. మనుషులు మారలేదు, మారినది జాబితా వ్రాసిన పద్ధతి మాత్రమే.

యంత్రభాగాలను కంప్యూటరుతో రూపొందించే క్యాడ్ విధానంలోనూ ఇట్టి చిక్కే ఉన్నది. చేతితో గీయుటకు బదులు ఆజ్ఞలు వ్రాసి రూపాన్ని నిర్మించుటను స్క్రిప్టింగు అంటారు. ఒక ఘనానికి 6 ముఖాలు, 12 అంచులు, 8 శీర్షాలు గలవు. "ముఖాలేవి?" అని స్క్రిప్టులో అడిగితే కంప్యూటరు ఆరింటినీ జాబితాగా అందిస్తుంది. అందులో మొదటిది పై ముఖమా, ప్రక్క ముఖమా? జ్యామితి దీనికి బదులు చెప్పదు. ముఖాలు ఒక సమితి; సమితికి వరుస లేదు. కనబడే వరుస, ఘనాన్ని నిర్మించిన క్రమాన్నీ ప్రోగ్రాము లోపలి పద్ధతినీ బట్టి ఏర్పడినది.

"ఆరవ ముఖానికి రంధ్రం వేయుము" అని మనం వ్రాశామనుకొందాము. నేడు ఆరవది పై ముఖమే కావచ్చు. రేపు ఒక మూలను చెక్కివేస్తే ముఖాలు 7 అవుతాయి, వరుస మారవచ్చు, రంధ్రం ప్రక్క ముఖానికి పడవచ్చు. ఆజ్ఞ చెల్లుబాటైనదే కనుక కంప్యూటరు హెచ్చరించదు. లోహం కోసిన పిమ్మట పొరపాటు బయటపడితే శ్రమ, ధనం రెండూ వ్యర్థమే. ముఖాలకు ఫేస్1, ఫేస్2 అని పేర్లు పెట్టే ఫ్రీక్యాడ్ ప్రోగ్రాములో ఇది చిరకాలపు సమస్య. 2024 నవంబరులో వెలువడిన 1.0 కూర్పులో దానిని చాలవరకు తగ్గించారు.

దీనికి నివారణోపాయం సులభమే. సంఖ్యతో గాక లక్షణంతో అడగవలెను. క్యాడ్‌క్వెరీ అనే సాధనంలో "జెడ్ అక్షం దిశలో అన్నిటికంటె పైనున్న ముఖం" అని కోరవచ్చు. మూల చెక్కినా ఆ ముఖం పైననే ఉంటుంది. ఒకే ఎత్తున రెండు ముఖాలుంటే రెండూ వస్తాయి; అప్పుడు వైశాల్యమో, మరొక అక్షంపై స్థానమో జోడించవలెను. వరుస తప్పనిసరియైతే దానిని మనమే నిర్ణయించి అమర్చుకొనవలెను. ఒక్క ముఖం కోరినచోట ఒక్కటే వచ్చినదా అని లెక్కించి, కానిచో పని అక్కడే ఆగునట్లు వ్రాయవలెను.

మనం అడగని వరుసను కంప్యూటరు వాగ్దానం చేయలేదు. ఈ సంగతి మరువని విద్యార్థి వ్రాసిన స్క్రిప్టు, రూపం మారిన మరునాడు కూడ నమ్మదగినదై ఉంటుందని మేము భావిస్తున్నాము.