దేహం కూడా అమానతే

కురవి పరిసర గ్రామాలలో పిల్లలు ఒకప్పుడు బడికి నడిచి వెళ్లేవారు. సెలవు రోజుల్లో మిరప చేలలో పెద్దలకు చేదోడుగా ఉండేవారు. నేడు చాలామందికి బడికి ఆటో, సాయంత్రం ట్యూషన్, ఆపైన సెల్‌ఫోను. పన్నెండేళ్లు నిండిన ఆడపిల్లకైతే వాకిట్లో ఆడే ఆట కూడా ఆగిపోతుంది. “పెద్దదానివయ్యావు, ఇంకా ఆటలేమిటి?” అంటాం. ఆ మాట ఆమె గుండెపై మోపే భారాన్ని గురించి మాత్రం ఆలోచించం.

గుండె ఒక కండరం. పనిచెబితే బలపడుతుంది, ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. రక్తనాళాలు మృదువుగా ఉంటాయి. రక్తపోటు, చక్కెర అదుపులో ఉంటాయి. గుండెపోటు నడివయసులో రావచ్చు గానీ, ధమనుల గోడలలో కొవ్వు పేరుకోవడం బాల్యంలోనే మొదలుకావచ్చు. అందుకే 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 146 దేశాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 11–17 ఏళ్ల విద్యార్థులలో 81 శాతం మందికి ఆ మాత్రం శ్రమ లేదు. బాలురలో ఇది 78 శాతం, బాలికలలో 85 శాతం.

అయిదు పూటల నమాజు ఉండగా వేరే వ్యాయామం ఎందుకని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. నమాజు ఆరాధన, దాని ఉద్దేశం అల్లాహ్ ప్రసన్నత. అందులోని కదలిక తేలికైనది. ఎదిగే పిల్లల గుండెకు ఊపిరి వేగం పెరిగే శ్రమ కావాలి.

బలహీన విశ్వాసి కన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ప్రియమైనవాడని, ఇద్దరిలోనూ మేలు ఉందని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడిపే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు, దేహానికి కూడా ఆయనపై హక్కు ఉందని గుర్తుచేసినట్లు బుఖారీలో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి)తో ఆయన పరుగు పందెం వేశారు; మొదటిసారి ఆమె, తర్వాతి పందెంలో ఆయన గెలిచారని అబూ దావూద్ హదీసు తెలుపుతోంది. మరి మన ఆడపిల్లల పరుగు ఎందుకు ఆగాలి?

నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022, 2023లలో బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచింది. బరి, దుస్తుల విషయంలో అభిప్రాయభేదాలు ఉండవచ్చు. కాని కూతురిని మైదానానికి నడిపించింది ఆమె తండ్రి అన్నది మన తండ్రులు గమనించాలి.

ఇందుకు ఖర్చు అక్కరలేదు. అస్ర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ వేళను మగపిల్లల కబడ్డీకి, ఖోఖోకు కేటాయించండి. ఆడపిల్లలు డాబా మీద తాడు దూకవచ్చు, వాకిట్లో షటిల్ ఆడవచ్చు, ఫజ్ర్ తర్వాత తల్లితో చురుకుగా నడవవచ్చు. పరదా పాటిస్తూనే ఇదంతా సాధ్యం. గంటల తరబడి కూర్చుని ఖుర్ఆన్ కంఠస్థం చేసే పిల్లలను మధ్యమధ్య లేపి నడిపించడం మా వంటి ఉపాధ్యాయుల బాధ్యత. ఎండాకాలం మధ్యాహ్నం ఆటలు వద్దు. రమజానులో ఇఫ్తార్ తర్వాత తేలికపాటి నడక చాలు. ఆడుతుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే వైద్యునికి చూపించాలి.

సంతానం మన చేతిలో అల్లాహ్ ఉంచిన అమానతు. వారి చదువును, నడవడికను గురించి ఎలా జవాబుదారులమో, వారి దేహం గురించి కూడా అలాగే జవాబుదారులం. ఈ సాయంత్రం అస్ర్ తర్వాత కొడుకుతోపాటు కూతురిని కూడా ఆటకు పిలవండి.