నకలు ఉంటే చాలదు, తెరుచుకోవాలి

కోట లాంటి నెల్లూరు తీరపు ఊళ్లకు తుఫాను కొత్త కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటకముందే ఇక్కడ వానలు ముంచెత్తాయి. ఇలాంటి చోట ఒక కళాశాలో సహకార సంఘమో సొంత చాట్ సర్వర్ పెట్టుకుంటే, దాని డేటాబేస్ నకలు అదే గదిలో ఉంచడం నకలు లేకపోవడంతో దాదాపు సమానం. 'రెండో సర్వర్ ఎప్పటికప్పుడు కాపీ చేసుకుంటోంది కదా' అంటారు. నిజమే, కానీ పొరపాటున చెరిపేసినదాన్ని కూడా అది అంతే నమ్మకంగా చెరిపేస్తుంది. పైగా రెండూ ఒకేరోజు పోవచ్చు. 2025 సెప్టెంబర్ 2న మ్యాట్రిక్స్ అనే చాట్ వ్యవస్థకు చెందిన మ్యాట్రిక్స్ డాట్ ఆర్గ్ సర్వర్‌కు జరిగింది అదే: ముందు రెండో డేటాబేస్, కొన్ని గంటల్లో అసలుదీ పోయాయి. ముందు రాత్రి తీసిన 55 టెరాబైట్ల నకలే వాళ్లను గట్టెక్కించింది.

అయితే నకలు తీయడం సగం పనే. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే అవి పొంతన లేకుండా రావచ్చు. దాని నకలు తీసే పనిముట్టు పీజీ-డంప్ అయితే ఒకే క్షణపు స్థితిని పట్టుకుంటుంది. మ్యాట్రిక్స్ సర్వర్ సాఫ్ట్‌వేర్ సినాప్స్‌లో ఫొటోలు, సంతకపు తాళం (సైనింగ్ కీ) డేటాబేస్‌లో ఉండవు, వాటిని విడిగా దాచాలి. చిన్న సంస్థకు ఇంత తీరికెక్కడిదంటారా? మూడు నెలలకోసారి పాత కంప్యూటర్‌లో, బయటి నెట్‌కు కలపకుండా, నకలు ఎక్కించి పాత సంభాషణ ఒకటి తెరిచి చూడటానికి ఒక పూట చాలు. అలా చూడకపోతే ఏమవుతుందో చూడండి: 2017లో గిట్‌ల్యాబ్ అనే కోడ్ సేవలో పీజీ-డంప్ నకళ్లు వెర్షన్ తేడాతో విఫలమవుతున్నాయని డేటా పోయాకే తెలిసింది. నకలును గుప్తీకరించి వేరే ఊళ్లో ఉంచాలి, దాని పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి.